ఒకసారి అటకెక్కి చూడండి

2023 జూన్‌లో అమ్మానాన్నలు సత్తెనపల్లి నుంచి డాలస్ వచ్చారు. పై అంతస్తులో మా అమ్మాయి గదిని వాళ్లకిచ్చాం. మూడో రోజు మధ్యాహ్నం నాన్న చొక్కా వీపు తడిసి కిందికి దిగివచ్చారు. "ఏరా, ఇల్లంతా ఏసీ అన్నావు, ఆ గది అలా ఉడికిపోతోందేం?" అన్నారు. అదే సమయంలో అమ్మ కింద హాల్లో శాలువా కప్పుకుని కూర్చుంది. ఒకే ఇంట్లో ఒకరికి రోహిణి కార్తె, ఒకరికి పుష్యమాసం.

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. మా ఇంటికి థర్మోస్టాట్ ఒక్కటే, అదీ కింద హాల్లో. పై గది చల్లబడాలంటే కింద 71 డిగ్రీలు పెట్టాలి. ఏడేళ్లుగా అదే చేస్తున్నాం. "టెక్సస్‌లో ఇంతే నాన్నా, మేడ మీద గదులు వేడిగానే ఉంటాయి" అని తీర్పు చెప్పేశాను.

నాన్న ఒప్పుకోలేదు. ఆయన ఏటా మార్చిలో మా డాబా మీద సున్నం కొట్టించి, సాయంత్రం బిందెలతో నీళ్లు చల్లించిన మనిషి. ఇంటి వేడి పైకప్పులోంచి దిగుతుందన్నది ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. (తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందని పేపర్లో చదివి, "మేం ఎప్పటినుంచో చేస్తున్నదేగా" అని నవ్వారు.) గదిలో మంచం మీద పడుకుని పైకి చూస్తూ అడిగారు. "ఈ సీలింగ్ పైన ఏముంది?"

"అటక."

"ఎక్కి చూశావా?"

చూడలేదు. మూడు లక్షల డాలర్లు పెట్టి కొన్న ఇంటికి ఏడేళ్లుగా కిస్తీలు కడుతూ, దాని నెత్తి మీద ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. ఆఫీసులో సర్వర్ నెమ్మదించిందంటే అర్ధరాత్రి లేచి లాగులన్నీ తిరగేసే నేను, ఇంటి బిల్లు 391 డాలర్లు వస్తే "ఎండలు బాగా ఉన్నాయిగా" అనుకుని కట్టేసేవాణ్ణి.

మర్నాడు ఉదయం ఆరింటికి గరాజ్‌లో మడత నిచ్చెన దింపి ఎక్కాను. టార్చి వెలుగులో రెండు విషయాలు కనబడ్డాయి. ఒకటి, సీలింగ్ మీద పరిచిన ఫైబర్‌గ్లాస్ దూది. ఇల్లు కట్టినప్పుడు ఎంత వేశారో గానీ, అణిగి అణిగి ఐదారు అంగుళాలు మిగిలింది. కేబుల్ వైర్లు లాగినవాళ్లు పక్కకు తోసినచోట అదీ లేదు, సీలింగ్ బోర్డు బోసిగా ఉంది. రెండోది చూసి కాసేపు అక్కడే చతికిలబడ్డాను. మా అమ్మాయి గదికి చల్లగాలి తీసుకెళ్లాల్సిన గొట్టం కొస ఊడి పక్కకు పడి ఉంది. ఏసీ నడిచినంతసేపూ ఆ గాలి అటకలోకి పోతోంది. ఎన్నేళ్ల నుంచో తెలియదు. మేం డబ్బు పెట్టి చల్లబరుస్తున్నది బూజునీ, పాత అట్టపెట్టెల్నీ.

ఆ కంగారులో వెనక్కి తిరిగి, చెక్కల మీద వేయాల్సిన కాలు రెండు చెక్కల మధ్య వేశాను. కింద మా పడకగది సీలింగ్‌లోంచి నా కాలు మోకాలి దాకా దిగింది. ఆ అతుకు వేయించడానికి 280 డాలర్లయింది. మా ఆవిడ ఆ ఫొటో ఇప్పటికీ దాచుకుంది.

ఇది నా ఒక్కడి మతిమరుపు కథే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. ఆ వేసవిలోనే మా స్నేహితుల్లో నలుగురిని అడిగాను, అటక ఎక్కారా అని. ఒక్కరే ఎక్కారు, అదీ క్రిస్మస్ దీపాలు దాచుకోవడానికి. మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, స్కూలు రేటింగ్ చూస్తాం, వంటింటి గ్రానైట్ చూస్తాం. గృహప్రవేశానికి వచ్చినవాళ్లకి మీడియా రూమ్ చూపిస్తాం. కిందటి ఆగస్టులో ఈ ఇంటికి ఎన్ని యూనిట్లు కాలాయని అమ్మేవాణ్ణి అడిగినవాళ్లు నాకు తగల్లేదు. అడిగితే పాత ఇంటికి పన్నెండు నెలల బిల్లులు చూపించడం పెద్ద పనేమీ కాదు.

వాస్తు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మనం పట్టుబట్టి తూర్పు ముఖం ఇల్లు కొంటాం. అమెరికా ఇంట్లో ముందువైపు గోడ ఎక్కువ, గాజు తక్కువ. పెద్ద పెద్ద కిటికీలన్నీ పెరటివైపు పెడతారు. ముఖం తూర్పయితే పెరడు పడమర. అంటే టెక్సస్ ఎండ తీవ్రంగా ఉండే మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా, ఇంట్లోని అతి పెద్ద గాజు పలక సూర్యుడికి ఎదురుగా ఉంటుంది. నేను వాస్తు మానమనడం లేదు, మా ఇల్లూ తూర్పు ముఖమే. కానీ ఎండను గాజుకి బయటే ఆపాలి. లోపల కర్టెన్ వేస్తే అప్పటికే వేడి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. మన ఊళ్లో వట్టివేళ్ల తడికలు వాకిలికి బయట కట్టింది ఊరికే కాదు. ఇక్కడ సోలార్ స్క్రీన్ అని ముదురు రంగు జాలీ దొరుకుతుంది, కిటికీ బయట బిగిస్తారు. పడమటి వైపు ఐదు కిటికీలకు వేయించాను.

ఆ వేసవిలోనే సోలార్ ప్యానెళ్లు అమ్మే కుర్రాడు తలుపు తట్టాడు. 44 వేల డాలర్లు, 25 ఏళ్ల అప్పు. "మీ బిల్లు ఎలాగూ కడుతున్నారు కదా సార్, అదే డబ్బు మాకు కట్టండి" అన్నాడు. లెక్క వినసొంపుగా ఉంది. నా ఏడాది వాడకం 19,300 యూనిట్లు అని చూసి, దానికి సరిపడా ప్యానెళ్లు గీసి చూపించాడు. ఆ 19,300లో అటకకి పోతున్నది ఎంత అని అతనూ అడగలేదు, అప్పటికి నాకూ తెలియదు. ఊడిన గొట్టం కనబడింది ఆ తర్వాతి వారం. అందుకే సంతకం పెట్టలేదు, నా తెలివి ఏమీ లేదు.

నేను సోలార్‌కి వ్యతిరేకిని కాదు. వరస మాత్రం ముఖ్యం అంటాను. కారే కుండకి ముందు మాటు వేసి, తర్వాత బావి తవ్వాలి. మాటు వేశాక చూస్తే నా అవసరం నాలుగో వంతు తగ్గింది. ముందే సంతకం పెట్టి ఉంటే, ఊడిన గొట్టంలోంచి పోయే గాలికి కూడా పాతికేళ్లు వాయిదాలు కట్టేవాణ్ణి. పైగా ఈ అప్పుల్లో డీలర్ ఫీజు అని ఒకటి కనబడకుండా కలుస్తుంది. నగదు ధర కంటే 30 శాతం, అంతకు మించి కూడా ఇలా పెరుగుతోందని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ 2024 ఆగస్టులో బయటపెట్టింది. మిగులు కరెంటును తిరిగి కొనే ధర ఎంతో టెక్సస్‌లో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు.

నాకు బాగా దగ్గరి మిత్రుడొకరు సంతకం పెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి ఉద్యోగం పోయింది. వేరే రాష్ట్రంలో పని దొరికి ఇల్లు అమ్మబోతే, కొనేవాళ్లు ఆ అప్పు మాకొద్దన్నారు. ఇల్లు అమ్మిన డబ్బులోంచే మొత్తం తీర్చి వెళ్లారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే గడువు 60 రోజులు. 60 రోజుల గడువు ఉన్నవాళ్లం 25 ఏళ్ల కాగితాల మీద సంతకం పెట్టేముందు, అటకలోకి ఒక ఉదయం ఎక్కి చూడటం అంత కష్టమా?

ఇక ఏం చేశానో చెబుతాను. అక్టోబర్ దాకా ఆగాను, వేసవి మధ్యాహ్నం అటకలో మనిషి ఉండలేడు. ఊడిన గొట్టం మాత్రం ఆ రోజే నేనే బిగించాను. మర్నాడు నాన్న పై గదిలో మధ్యాహ్నం నిద్రపోయారు. మేం థర్మోస్టాట్ 71 నుంచి 76కి తెచ్చాం. "అంటే మన లెక్కలో 24 పైన కదా, ఇది మనుషులుండే చలి" అని అమ్మ శాలువా మడతపెట్టింది.

అక్టోబర్‌లో పనివాళ్లు వచ్చి మిగతా గొట్టాల అతుకులన్నింటికీ మాస్టిక్ అనే జిగురు పూశారు. మామూలు ఇంట్లో గొట్టాల అతుకుల్లోంచి 20 నుంచి 30 శాతం గాలి కారిపోతుందని ప్రభుత్వ ఎనర్జీ స్టార్ వాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. నవ్వొచ్చే విషయం ఏమిటంటే, డక్ట్ టేప్ అని పేరున్న బట్ట టేపు డక్ట్‌లకి పనికిరాదు. అటక వేడికి జిగురు ఎండి రాలిపోతుంది. మాస్టిక్ గానీ, దీనికోసమే చేసిన రేకు టేపు గానీ వాడాలి. అతుకుల తర్వాత లైట్ల చుట్టూ, పైపుల చుట్టూ ఉన్న సందులు మూయించాను. ఆ తర్వాతే దూది, పదిహేను అంగుళాల మందాన. సందులు మూయకుండా దూది పరిస్తే, చిల్లులున్న కోటు మీద దుప్పటి కప్పుకున్నట్టే. గొట్టాలకి 600, దూదికి 1,850, తలుపుల కింది పట్టీలు, సీలెంటు, ఎల్ఈడీ బల్బులు అన్నీ కలిపి 150 డాలర్లు. మొత్తం 2,600. కిటికీల స్క్రీన్లు అంతకు ముందు ఏడాది వేరే సందర్భంలో వేయించినవి కాబట్టి ఈ లెక్కలో కలపడం లేదు.

ఆ పని జరుగుతుండగానే మీటరు మీద పడ్డాను. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి స్మార్ట్ మీటర్ టెక్సస్ అనే సైటు ఉంది. మన ఇంటి వాడకం పదిహేను నిమిషాలకొకసారి ఎంతో అందులో ఉంటుంది, ఉచితం. ఏసీ, హీటరు రెండూ అక్కర్లేని ఏప్రిల్ రాత్రులు తీసి చూశాను. తెల్లవారుజామున మూడింటికి, ఇల్లంతా నిద్రపోతుంటే, పావుగంటకు 0.14 యూనిట్ కాలుతోంది. రోజుకి 13 యూనిట్ల పైన, నెలకి 400. ఎవరూ ఏదీ వాడకపోయినా! తెలంగాణలో గృహజ్యోతి కింద ఒక కుటుంబానికి నెలకి ఉచితంగా ఇచ్చేది 200 యూనిట్లలోపు. ఒక ఇల్లు మొత్తం నెలంతా బతికేదానికి రెట్టింపు, మేం ఏమీ చేయకుండానే తగలేస్తున్నాం.

ఎక్కడ పోతోందో వెతుకుతుంటే నాన్న నేరుగా గరాజ్‌లో పాత ఫ్రిజ్ దగ్గరికి వెళ్లారు. మన ఇళ్లలో గరాజ్‌లో రెండో ఫ్రిజ్ లేనిదెక్కడ? వేసవిలో బయట 100 డిగ్రీలుంటే గరాజ్ అంతకంటే వేడి, అందులో నిలబడి అది రాత్రింబగళ్లు రొప్పుతూ ఉంటుంది. తెరిచి చూస్తే పుట్టినరోజుకి తెచ్చిన సోడా డబ్బాలు, ఎవరో ఇచ్చిన మునక్కాడల ప్యాకెట్లు, ఆవకాయ జాడీ. "ఆవకాయకి ఫ్రిజ్ ఏమిట్రా!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ ఫ్రిజ్, నేనెప్పుడో ప్రయోగాలకి పెట్టుకుని మర్చిపోయిన పాత కంప్యూటరు, ఎవరూ చూడని రెండు కేబుల్ పెట్టెలు తీసేశాం. వేడినీళ్లు కుళాయికి త్వరగా రావడానికి తిరిగే చిన్న పంపు ఒకటుంది, దానికి టైమర్ పెట్టాం. పావుగంటకి 0.14 ఉన్నది 0.08కి దిగింది. దీనికి దాదాపు ఖర్చే లేదు.

ఫలితం చెబుతాను, పెంచి చెప్పను. 2023 ఆగస్టులో 2,610 యూనిట్లు కాలింది, 2024 ఆగస్టులో 1,870. రెండో ఆగస్టు మొదటిదానంత మండలేదు, తేడాలో ఆ వాటా కొంత ఉంది. ఏడాది మొత్తం మీద 19,300 నుంచి 14,600కి వచ్చింది. డెలివరీతో కలిపి యూనిట్ 15 సెంట్లు లెక్కన 705 డాలర్లు. నాలుగేళ్లలోపు పెట్టింది వచ్చేస్తుంది. నాకు దూది సామగ్రి మీద పన్ను రాయితీ కూడా కొంత వచ్చింది. ఇప్పుడు చేయించేవాళ్లకి అది లేదు. ఇంటి మెరుగుదలలకిచ్చే ఫెడరల్ రాయితీ, ఇంటి సోలార్‌కిచ్చే 30 శాతం రాయితీ రెండూ 2025 డిసెంబర్ 31తో ముగిశాయి. పాత కరపత్రం చూపించి "30 శాతం వెనక్కి వస్తుంది" అనేవాళ్లు ఇంకా తిరుగుతుంటారు, జాగ్రత్త. మిగిలింది మన తీగల సంస్థల రాయితీలు. 1999 చట్టం ప్రకారం టెక్సస్‌లో పోటీ మార్కెట్ ఉన్నచోట తీగలు, మీటర్లు చూసే సంస్థలు పొదుపు పథకాలు నడపాలి. ఆ ఖర్చు ఇప్పటికే మన బిల్లులో డెలివరీ ఛార్జీల్లో కలిసి ఉంది. డబ్బు కట్టేశాం కాబట్టి అడిగి తీసుకోవడమే మిగిలింది.

పొదుపు చేసినవాడికి ఇక్కడ ఇంకో గుంత ఉంది. చాలా ప్లాన్లు నెలకి సరిగ్గా 1,000 యూనిట్లు వాడితే ఎంతో ఆ ధరే పెద్ద అక్షరాల్లో చూపిస్తాయి. వెయ్యి దాటితే వంద డాలర్లు తగ్గింపు ఇచ్చే ప్లాను మీద ఉండి, మీరు కష్టపడి 960కి దిగారనుకోండి, బిల్లు పెరుగుతుంది! మా మొదటి మార్చి బిల్లు అలాగే వచ్చింది. ప్రతి ప్లానుకీ ఎలక్ట్రిసిటీ ఫాక్ట్స్ లేబుల్ అని ఒక పేజీ ఉండాలి. అందులో 500, 1,000, 2,000 యూనిట్లకి విడివిడిగా ధర రాసి ఉంటుంది. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్న ప్లాను తీసుకోండి.

అద్దె అపార్ట్‌మెంట్లలో ఉన్న కుర్రాళ్లు ఇదంతా మాకెందుకనుకోవచ్చు. అటక మీది కాదు, నిజమే. ఏసీ ఫిల్టరు మీ బాధ్యతో ఆఫీసుదో అడగండి, మారి ఎన్నాళ్లయిందో చూడండి. తలుపు కింద వెలుతురు కనబడుతుంటే గాలీ పోతోందన్నమాట, పది డాలర్ల పట్టీ చాలు. వాటర్ హీటర్ 120 డిగ్రీల మీద ఉందేమో చూసుకోండి. ఫ్యాను వేసుకుంటే థర్మోస్టాట్ నాలుగు డిగ్రీలు పెంచినా తేడా తెలియదు, అయితే ఫ్యాను చల్లబరిచేది మనిషిని, గదిని కాదు. బయటికి వెళ్తూ ఆపేయండి. ఇది మీ అమ్మ ఫోన్లో ఎలాగూ చెబుతూనే ఉంటుంది.

డబ్బు లెక్క ఒకటైతే, 2021 ఫిబ్రవరి ఇంకొకటి. ఆ మంచు తుఫానులో 16వ తేదీన డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నాకి రెండు డిగ్రీలు కిందికి, అదీ ఫారన్‌హీట్‌లో, పడిపోయింది. రాష్ట్రమంతా లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క తేల్చింది. మా ఇంట్లో ముప్పై గంటలు కరెంటు లేదు, రెండో రాత్రికి లోపల 43 డిగ్రీలు. అమ్మాయిని మా మధ్య పడుకోబెట్టుకుని ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నాం. రెండు వీధుల అవతల మిత్రుడి ఇంట్లో అదే సమయానికి 56 ఉంది. "మీ హీటర్ మంచిదేమో" అన్నాను అప్పట్లో. హీటర్ ఎవరికీ నడవలేదు. ఆయన కొన్నప్పుడే అటకలో దూది పోయించాడు. బ్యాటరీ లేని సోలార్ ప్యానెళ్లు గ్రిడ్ పోయినప్పుడు వాటంతట అవే ఆగిపోతాయి. ఆ రాత్రి పనిచేసింది దూది ఒక్కటే.

ఈ జూన్‌లో అమ్మానాన్నలు మళ్లీ వస్తున్నారు. ఆ గదే ఇస్తున్నాం. ఎండలు ముదరకముందే, ఒక శనివారం ఉదయం ఎనిమిదిలోపు మీరూ ఎక్కి చూడండి. మాస్కు, పొడుగు చేతుల చొక్కా, టార్చి ఉండాలి. కింద నిచ్చెన పట్టుకుని ఒక మనిషి ఉండాలి. ఒక స్కేలు పట్టుకెళ్లి దూది లోతు కొలవండి, గొట్టాల కొసలు తడిమి చూడండి. కాలు మాత్రం చెక్కల మీదే వేయండి.